నేను కాని మనిషి

నేను ఫలానా మనిషిని కానని ఒక పశువుల డాక్టరు సంతకం చేసి, గుండ్రటి ముద్ర కొట్టి మరీ రాసిచ్చాడు. చాలా ఏళ్ళ కిందటి మాట. ఆ ఫలానా మనిషి పోయిన వారం పోయాడు.

కబురు చెప్పడానికి వాళ్ళ అబ్బాయి ఫోను చేశాడు. "మీరు నాన్నకి ఏమవుతారో నాకు సరిగ్గా తెలీదండీ. మీకు చెప్పమని అమ్మ అంది" అన్నాడు. ఏమవుతానో చప్పున నాకూ తట్టలేదు. నేను అతను కానని మాత్రం ప్రభుత్వం దగ్గర రాతపూర్వకంగా ఉంది.

అతని పేరు రాయను. అతనికే పేర్లంటే పెద్ద పట్టింపు ఉండేది కాదు. మగవాళ్ళందరూ అతనికి మావలే. తోటివాడైతే మావ, ఉద్యోగస్తుడైతే మావగారు, మరీ పెద్ద ఉద్యోగస్తుడైతే మావగారండి. ప్రిన్సిపాలుని ఒకసారి అలాగే పిలిచాడు. ఆయన కోప్పడబోయి, ఎందుకోగాని, "మీ ఊరు ఏది?" అని అడిగాడు. వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం వినిపించేంత దూరంలో వాళ్ళ ఊరు. జీడితోట, కొబ్బరి చెట్లు, ఇంటి వెనక పనస చెట్లు. జీడిగింజలు ఒలిచి ఒలిచి అతని వేళ్ళ కొసలు నల్లబడి ఉండేవి. ఎంత రుద్దినా ఆ నలుపు పోయేది కాదు. పరీక్ష రాస్తుంటే సిరా ఒలికిందేమోనని పర్యవేక్షకులు వచ్చి చూసేవారు.

అతని నోట ఎప్పుడూ ఉండే మాట "ప్రెస్తుతానికి." ఏం చదువుతున్నావు అంటే "ప్రెస్తుతానికి బీయ్యే అండి." ఎక్కడుంటున్నావు అంటే "ప్రెస్తుతానికి హాస్టల్లో." అన్నం తిన్నావా అని అడిగినా "ప్రెస్తుతానికి తిన్నాను" అనేవాడు. వినేవాళ్ళకి ఇతను ఏ క్షణాన ఏం మార్చేస్తాడో అనిపించేది. నిజానికి నేను చూసినంతలో అతనంత మారని మనిషి లేడు.

మేమిద్దరం ఒరిస్సా సరిహద్దు దాటాక ఉన్న ఒక కాలేజీలో బి.ఎ. మొదటి ఏడు చదివాం. నాది పలాస. మా నాన్న బడిపంతులు. ఆ కాలేజీ పేరూ, తరవాత మేం తిరిగిన యూనివర్సిటీ పేరూ రాయను. రెండింట్లోనూ ఇప్పటికీ పిల్లలు చదువుకుంటున్నారు. మా కాలేజీలో తెలుగు రెండో భాషగా తీసుకున్నవాళ్ళం మేమిద్దరమే. ఒకే బెంచీ. మాకు పాఠం చెప్పే మాస్టారు కూడా అదే బెంచీ చివర కూర్చుని చెప్పేవారు. బోర్డు మీద రాయడానికి లేచినప్పుడు మాత్రం ఇది కాలేజీ అని జ్ఞాపకం వచ్చేది.

ఏడాది చివర ఆ మాస్టారు రిటైరయ్యారు. ఇద్దరి కోసం కొత్త మాస్టారిని వెయ్యలేమని ప్రిన్సిపాలు మమ్మల్ని పిలిచి చెప్పాడు. "రెండో ఏడు నుంచి ఒరియా తీసుకోండి. లేదంటే తెలుగు ఉన్నచోటు చూసుకోండి."

ఒరియా అక్షరాలు నేర్చుకుందామని అంతకుముందే ప్రయత్నించి ఉన్నాను. ఆ అక్షరాలన్నీ వర్షంలో గొడుగులేసుకుని నిలబడ్డ మనుషుల్లా కనిపించేవి. ఏ గొడుగు కింద ఎవరున్నారో నాకు తెలిసేది కాదు. నేను నోరు తెరిచేలోపలే అతను "మా వల్ల కాదండి మావగారండి" అనేశాడు. అలా మేం ట్రాన్స్‌ఫర్ విద్యార్థులమయ్యాం. రెండో ఏడాదికి దక్షిణాన ఉన్న యూనివర్సిటీకి మారాలి. మారకపోతే నన్ను పలాసలో ఏదో జీడిపప్పు కొట్లో గుమస్తాగా పెట్టేస్తానని మా నాన్న ముందే చెప్పాడు. ఆయన బెదిరించే మనిషి కాదు. అన్నాడంటే పెట్టేస్తాడు.

మారడం కుదరదన్నది మొదటి వారంలోనే అర్థమైంది. సీటు ఇచ్చినట్టు కాగితం తెస్తే గాని మైగ్రేషన్ సర్టిఫికెట్టు ఇవ్వనన్నాడు మా కాలేజీ పెద్ద గుమస్తా. మైగ్రేషన్ సర్టిఫికెట్టు జత చేస్తే గాని దరఖాస్తే తీసుకోనన్నాడు యూనివర్సిటీలో సెక్షన్ గుమస్తా. వెళ్ళి రావడానికి రోజంతా రైలు. నేను కిటికీ దగ్గర నిలబడి ఈ సంగతి ఆయనకి వివరిద్దామని "అయ్యా" అన్నాను. ఆయన తలెత్తి చూశాడు. అంతే, నా వివరం గొంతులో ఉండిపోయింది. ఆఫీసుల్లో నాకెప్పుడూ అంతే. రెండో మాట రాదు.

తిరుగు రైల్లో నేను మొహం వేలాడేసుకుని కూర్చుంటే అతను హుషారుగా ఉన్నాడు.

"సూసినావా మావా? ఆయనకి పనస తొనలంటే పేణం."

"ఎవరికి?"

"ఆ కిటికీలో మావకి. పలాస నుంచొచ్చినాం అనీసరికి 'మీవేపు పనస బాగుంటాదిలే' అని, అప్పుడు కదా కసిరినాడు."

"కసిరేడు కదా. ఇంకేటి?"

"ఆపీసంటే ఏటి మావా? ఓ మనిసి, ఓ బల్ల, ఓ ఆకలి. నువ్వు బల్లని సూసి బెదిరిపోతావు. నాను ఆకలి సూత్తాను."

ముందు మా కాలేజీ పెద్ద గుమస్తా సంగతి తేల్చేశాడు. నన్ను వరండాలో ఉండమని తనొక్కడే లోపలికి వెళ్ళాడు. కాసేపటికి లోపల్నించి ఇద్దరు నవ్వుకోవడం వినిపించింది. ఆ గుమస్తా నవ్వగా ఆ కాలేజీలో ఎవరూ విని ఉండరు. అతను మా ఇద్దరి మైగ్రేషన్ సర్టిఫికెట్లూ ఊపుకుంటూ బయటికి వచ్చాడు. "ఏం చెప్పేవు?" అంటే, "ఏటీ నేదు, మంచి మావ" అన్నాడు.

ఇక దక్షిణాది ఆకలి మిగిలింది. వాళ్ళ పెరట్లోంచి ఒక పనసకాయ కోసుకొచ్చాడు. చంటిపిల్లంత ఉంది. గోనెసంచీలో అడుగున మా దరఖాస్తులు రెండూ, వాటి మీద పాత పంచె మడత, ఆ పైన పనసకాయ. కాగితాలు పైనుంటే గాలికి ఎగిరిపోతాయని అతని వాదన. పలాస స్టేషన్లో రైలు కోసం నిలబడ్డాం.

ఆ రోజుల్లో మా ఉద్దానం జీడితోటల వైపు నక్సలైట్ల గొడవలుగా ఉండేవి. కుర్రాడన్నవాడు సంచీతో కనిపిస్తే చాలు, పోలీసులు ఆపేవారు. మమ్మల్నీ ఆపారు. నేను అతని వెనక్కి జరిగాను.

"సంచీలో ఏటది?" అన్నాడు కానిస్టేబులు.

"పనసకాయండి మావగారూ."

"దాన్లో ఏటున్నాది?"

"తొనలండి."

"ఇంకా?"

"తొనల్లో పిక్కలండి."

"ఎటకారమా?" అని ఆ కానిస్టేబులు తుపాకీ చివరి బాయినెట్టుతో కాయని ఒక్క పోటు పొడిచాడు. లోపల అతనన్నట్టు తొనలూ పిక్కలూ ఉన్నాయి. తుపాకీ బయటికి లాగితే తెల్లటి జిగురు తీగలా సాగింది. ఆ జిగురు బాయినెట్టుకి అంటింది. తుడవబోతే చేతికి అంటింది. చేతిని తుడుచుకోబోతే నిక్కరుకి అంటింది. "నీల్లెట్టీకండి మావగారూ, ఇంకా పట్టీత్తాది. కిరసనాయిలుండాల" అని అతనే పరుగెత్తి టీ కొట్టువాడి దగ్గర కిరసనాయిలు తెచ్చి, ప్లాట్‌ఫారం మీద గొంతుక్కూచుని ప్రభుత్వ తుపాకీని శుభ్రంగా తుడిచిపెట్టాడు. కానిస్టేబులే మమ్మల్ని రైలెక్కించి, సంచీ అందించాడు.

కాయలో చిల్లు పడిందని మాకు తెలుసు. చిల్లు కిందవైపు ఉందని మాత్రం దిగాక తెలిసింది. దారంతా జిగురు పంచెలోంచి దిగి, రెండు దరఖాస్తులనీ ఒకదానికొకటి అంటించేసింది. కిటికీ దగ్గర నిలబడి విడదీయబోయాం. అంచు పర్రుమంది.

"ఆగండాగండి!" అని అరిచాడు సెక్షన్ గుమస్తా. "చిరిగిన దరఖాస్తు చెల్లదు. అలాగే ఇచ్చెయ్యండి, లోపల మేం విడదీసుకుంటాం." అంటూనే ఆయన కళ్ళు సంచీ మీదికి వెళ్ళాయి. ఆ మధ్యాహ్నం ఆ సెక్షన్లో పని జరగలేదు. అతను కొబ్బరినూనె చేతులకి రాసుకుని బల్ల మీద కాయ కోసి, తొనలు తీసి, పేరుపేరునా కాదు, మావమావనా పంచిపెట్టాడు. సెక్షన్ గుమస్తా కళ్ళు మూసుకుని తిన్నాడు. తిన్న చేత్తోనే మా దరఖాస్తు మీద నంబరు వేశాడు. ఒకటే నంబరు. నేను చూశాను. చెబుదామనుకున్నాను. ఆయన తలెత్తి చూశాడు. నేను ఊరుకున్నాను.

కొన్నాళ్ళకి మా ఇంటికి కవరు వచ్చింది. సీటు ఇచ్చారు. ఎవరికి అంటే, అతని పేరుగలవాడికి. తండ్రి పేరు మా నాన్నది. ఊరు పలాస. చరిత్రలో మార్కులు అతనివి, ఇంగ్లీషులో మార్కులు నావి. మా ఇద్దరికీ విడివిడిగా అన్ని మార్కులు ఎన్నడూ రాలేదు. అంటుకున్న రెండు దరఖాస్తుల్లోంచీ మంచివే ఏరుకున్నట్టున్నాడు ఆ అబ్బాయి. మా నాన్న ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "ఈ కుర్రాడెవడోగాని బుద్ధిమంతుడు. వీడు మనింట్లో పుట్టుంటే బాగుణ్ణు" అన్నాడు.

కబురు పెడితే అతను వచ్చాడు. ఉత్తరం చూసి నవ్వలేదు. మా నాన్న కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"ఇదేటి బాబూ?" అన్నాడు మా నాన్న.

"ప్రెస్తుతానికి మీరే మా నాన్న కదండీ" అన్నాడు.

మళ్ళీ రైలు. మళ్ళీ ఆ కిటికీ. సెక్షన్ గుమస్తా మమ్మల్ని గుర్తుపట్టి ఆప్యాయంగానే పలకరించాడు. ఉత్తరం చూసి, "మీ ఇద్దరిలో ఇతనెవరు?" అన్నాడు.

"ఇద్దరమండి" అన్నాడు అతను.

"ఇద్దరూ ఒకరెలా అవుతారయ్యా?"

"అదే మేవూ అడుగుదామని వచ్చినామండి మావగారూ."

ఆయన రిజిస్టరు తిరగేశాడు. రిజిస్టరులో మేం ఒక్కళ్ళమే. జిగురు సంగతి అతను గుర్తుచేశాడు. ఆయనకి తొనలు గుర్తున్నాయి గాని జిగురు గుర్తులేదు. చివరికి, తనకి మా మీద అభిమానం ఉన్నా రికార్డు రికార్డేననీ, రికార్డు ప్రకారం ఉన్న ఒక్కడు ఇద్దరు కావాలంటే, వీడు వాడు కాదు, వాడు వీడు కాదు అని గెజిటెడ్ ఆఫీసరు చేత రాయించి తెమ్మన్నాడు. గడువు దగ్గరపడిందని కూడా అన్నాడు.

పలాసలో గెజిటెడ్ ఆఫీసరు దొరకలేదు. గొడవల మూలాన పెద్ద ఉద్యోగస్తులంతా ఎక్కడెక్కడో క్యాంపుల్లో ఉన్నారు. టెక్కలి వెళ్ళాం. అక్కడ కూడా అందరూ ఊళ్ళ మీదే ఉన్నారు. పశువుల డాక్టరుగారు మాత్రం ఉన్నారని ఎవరో చెప్పారు. ఆయనకి సంతకం పెట్టే అధికారం ఉందట.

ఆస్పత్రి ఆవరణలో గేదె ఒకటి నేల మీద పడి ఉంది. డాక్టరుగారు మోకాళ్ళ మీద కూచుని దాని నోరు తెరుస్తున్నారు. ఆయన కోస్తా జిల్లాల నుంచి కొత్తగా వచ్చినాయన. నాలుగు ముక్కల్లో అతను కథ చెప్పాడు. ఆయన గేదె నోట్లోంచి చెయ్యి తియ్యకుండానే విన్నారు.

"అంటే, మీరిద్దరూ ఇద్దరని నేను రాయాలి."

"అవునండి మావగారూ."

"మీరిద్దరూ ఇద్దరని నాకెలా తెలుసు?"

అతను రెండడుగులు పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. "సూడండి. నాను ఇక్కడున్నాను. ఆయన అక్కడున్నాడు."

డాక్టరుగారు మమ్మల్ని మార్చి మార్చి చూశారు. "సరే, ముందు దీని కాళ్ళు పట్టుకోండి" అన్నారు. అతను ముందు కాళ్ళు, నేను వెనక కాళ్ళు పట్టుకున్నాం. మందు పోశారు. గేదె తన్నింది. వెనక కాళ్ళ దగ్గర ఉన్నవాణ్ణి గనక నేను పడ్డాను. డాక్టరుగారు నన్ను లేపుతూ, "ఒకడు పడ్డాడు, ఒకడు పడలేదు. ఇద్దరే. సందేహం లేదు" అన్నారు. చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూచున్నారు. అలవాటు కొద్దీ ఎత్తు, రంగు, ఒంటి మీది గుర్తులు రాసుకున్నారు. అతనికి కుడి చెవి వెనక మచ్చ, నాకు మోచేతి మీద గాటు. నోరు తెరవమంటారేమోనని భయపడ్డాను. అనలేదు. పై ఇద్దరూ నా ఎదుట ఏకకాలమున వేరువేరుగా నిలబడియుండగా చూచితినని, ఒకరు మరొకరు కారని ధ్రువీకరిస్తున్నానని రాసి, చెరో కాగితం ఇచ్చారు. వచ్చేస్తుంటే అతను వెనక్కి తిరిగి గేదె మెడ నిమిరి వచ్చాడు.

గడువు ఆఖరి రోజున కిటికీ దగ్గర నిలబడ్డాం. సెక్షన్ గుమస్తా కాగితాలు రెండూ చదివి, తృప్తిగా తలూపాడు. "బాగుంది. ఇప్పుడు మీరు ఇద్దరు. సీటు ఒక్కటి."

అతను భుజాన ఉన్న గోనెసంచీ కింద పెట్టాడు.

"ఒక నంబరుకి ఒక సీటు. జాబితా మూసేశారు, నా చేతుల్లో లేదు. ఎవరికి రాయమంటారు?"

"ఇతనికి రాయండి" అన్నాన్నేను. జీవితంలో ఒక ఆఫీసు కిటికీ దగ్గర నేను గట్టిగా అన్న మొదటి మాట అదే. సీటు అతని పేరు మీద వచ్చింది. దాని కోసం తిరిగిందీ, మోసిందీ, మాట్లాడిందీ అతనే.

"కాదండి మావగారూ, ఆయనకి రాయండి" అన్నాడు అతను.

"పేరు నీది కదయ్యా?"

"తండ్రి పేరు ఆయనది కదండీ."

"ముందు పేరా, తండ్రి పేరా?" అని నేను.

"తండ్రే కదేటి ముందు పుడతాడు" అని అతను.

మా వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కున్నారు. ఎప్పుడూ కుర్చీలోంచి లేవని సెక్షన్ గుమస్తా లేచి నిలబడి, కలం మూత తీసి, "ఇరవయ్యేళ్ళుగా ఇక్కడ కూచున్నాను. సీటు నాదంటే నాదని కొట్టుకున్నవాళ్ళని చూశాను గాని, ఇదేం ఖర్మయ్యా!" అన్నాడు. అతను నన్ను పక్కకి లాగాడు.

"మావా, నాను ఒరియా నేర్సీసుకుంటాను. ఎంతలో పని? నీకు రాదు. ఏడాదంతా సూసినాను, నీకు రాదు."

"నీకు మాత్రం వస్తాదేటి?"

"వత్తాది" అన్నాడు. నన్ను ఊరడించడానికి అంటున్నాడనుకున్నాను. నేను మళ్ళీ కిటికీ వైపు తిరిగి, "అయ్యా, ఇతని మాట వినకండి" అని చెప్పి వెనక్కి చూసేసరికి అతను లేడు. గోనెసంచీ భుజాన వేసుకుని వరండా చివర మలుపు తిరుగుతున్నాడు. వెనకాల పరుగెత్తితే వరస పోతుంది. వరస పోతే గడువు పోతుంది. సెక్షన్ గుమస్తా రాసేశాడు.

అలా నేను చదువుకున్నాను. లెక్చరర్నయ్యాను. అతను మా పాత కాలేజీకే తిరిగి వెళ్ళి ఒరియా పేపరు రాశాడనీ, మంచి మార్కులే వచ్చాయనీ, ఇచ్ఛాపురం వైపు బడిలో టీచరయ్యాడనీ కార్డుల మీద తెలిసేది. అతను కార్డులు పొదుపుగా రాసేవాడు. "ప్రెస్తుతానికి క్షేమం" అని ఒక్క వాక్యం, కింద సంతకం.

వాళ్ళ ఊరు నేను మొదటిసారి వెళ్ళింది చాలా ఏళ్ళ తరవాత. అంతవరకూ మా తిరుగుడంతా పలాస స్టేషన్లోనే మొదలయ్యేది గనక వాళ్ళిల్లు చూసే పని పడలేదు. వేసవి సెలవులు. మధ్యాహ్నం బస్సు దిగి ఇసక దారిన నడిచి వెళ్ళాను. వాకిట్లో ఒక ముసలావిడ జీడిగింజలు ఎండబోస్తోంది. నన్ను చూసి ఏదో అడిగింది. తెలుగు కాదు. లోపల్నించి అతను జవాబిస్తూ వచ్చాడు. ఆ జవాబూ తెలుగు కాదు. కాలేజీలో నా ఎదుట అతను తెలుగు తప్ప మరో ముక్క మాట్లాడగా నేను వినలేదు. పొడుగ్గా, దబదబా, నవ్వుతూ, మధ్యలో ఆవిణ్ణి కసురుతూ మాట్లాడాడు. నేను గుమ్మం దగ్గర ఒక చెప్పు విప్పి, రెండో చెప్పు విప్పడం మరిచిపోయి నిలబడ్డాను.

"ఏటి మావా, ఒరియాయేనా అది?"

"మాయమ్మది అటేపే కదా. నాను పుట్టినప్పటికి ఈవిడికి తెలుగు ముక్క రాదు. మరి నాతోటి దేంట్లో మాటాడతాది?"

"మరి చదవడం, రాయడం?"

"సిన్నప్పుడు మా తాత నేర్పీసినాడు. రా, లోపలికి రా. కొబ్బరినీల్లు తాగుదువు."

నేను కదల్లేదు. "మరైతే నీకు ఆ ట్రాన్స్‌ఫరు దేనికి? ఒరియా తీసుకుని ఆ కాలేజీలోనే హాయిగా ఉండిపోక, ఆ రైళ్ళేటి, ఆ పోలీసోడేటి, ఆ గేదేటి? అసలు నువ్వు అప్లికేషను దేనికి పెట్టేవు?"

అతను కత్తి తీసుకుని కొబ్బరిబొండం చెక్కుతున్నాడు. చెక్కడం ఆపలేదు. ఇది కూడా అడగాలా అన్నట్టు ఒకసారి నా మొహంలోకి చూశాడు.

"నువ్వు ఆపీసుల్లో మాటాడనేవు కదా మావా" అన్నాడు.

నేను రెండో చెప్పు కూడా విప్పాను. అతను బొండం నా చేతికిచ్చి, వాళ్ళమ్మకి నా గురించి ఏదో చెప్పాడు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వింది. ఏం చెప్పాడో నాకు అర్థం కాలేదు. నేనూ నవ్వేశాను.